తేని నుంచి తెలుగు ఉత్తరం

ఉత్తరం మీద కాఫీ గ్లాసు పెట్టినందుకు శివకామి భర్తతో పోట్లాటకు దిగింది.

"ఏనుంగ, గ్లాసు పెట్టను ఇంట్లో వేరే చోటే లేదా? చూడండి, ఎంత మరకో!"

"మరక లేనప్పుడు మాత్రం చదివితిమా?" అన్నాడు రాధాకృష్ణన్.

శివకామి కొంగుతో మరక అద్దింది. ఉత్తరం తెలుగులో ఉంది. పీలమేడులోని ఆ వీధిలో పద్నాలుగు తెలుగిళ్లు. తెలుగు మాట్లాడనివాళ్లు లేరు. చదవగలిగినవాళ్లూ లేరు. అందరూ తమిళమో ఇంగ్లీషో చదువుకున్నవాళ్లే.

నిన్న సాయంత్రం కొరియర్‌లో వచ్చింది. పంపినవారి పేరు మాత్రం కవరు మీద ఇంగ్లీషులో ఉంది. విఘ్నేశ్వరన్, ఏలకుల వ్యాపారి, తేని. మూడు నెలల కిందట కొడుకు శబరిని వెంటబెట్టుకుని వచ్చి, వీళ్లమ్మాయి త్రిషను చూసి వెళ్లిన మనిషి.

పిల్లకు పిల్లవాడు నచ్చాడు. పిల్లవాడికి పిల్ల నచ్చింది. ఆ తర్వాత రెండిళ్లూ బిగుసుకుని కూర్చున్నాయి. మగపిల్లవాడి వాళ్లు ముందు ఫోన్ చేస్తే చులకన. ఆడపిల్ల వాళ్లు చేస్తే మరీ చులకన. ఈలోగా వచ్చిన రెండు సంబంధాలను త్రిష చూడకుండానే వద్దంది.

ఇప్పుడు వాళ్లే దిగివచ్చి ఏదో రాశారు. ఔననో, కాదనో.

"ఫోన్ చేసి అడిగేస్తే తీరిపాయె," అంది శివకామి.

"ఏమని అడిగేది? మాకు చదవను రాదనా? ఆ దినం ఆయన ముందర ఏమంటిని? నాలుగు నూరేండ్లుగా మా ఇంట్లో తెలుగు చెడలేదు అంటినా లేదా? ఇప్పుడు మానం పోదా?"

వీధి చివరి గురుసామి మామకు చదవడం వచ్చని పేరు. నిన్ననే ఆయన దగ్గరికీ వెళ్లారు. ఆయన కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసి, "రొంబ మంచి విషయం" అన్నాడు. త్రిష తన ఫోను దాని మీద పట్టి చూసింది. "చేతిరాత అప్పా, ఫోనుకు అందలే" అంది.

ఉత్తరం మొత్తంలో వాళ్లకు తెలిసింది ఒక్కటే. 11 అన్న అంకె. దాని కింద రెండు గీతలు.

"పదకొండు మంది వస్తారేమో, మాట్లాడి ముగించను," అన్నాడు రాధాకృష్ణన్ ఆశగా.

"తేదీ అయితే? పదకొండు పోయి నాలుగు దినాలాయె!" శివకామి గోడ క్యాలెండరు మీద వేలు పెట్టింది.

"గంట కూడా కావచ్చు కదమ్మా," అంది త్రిష గోళ్లు కొరుకుతూ. "ఈ దినమే అయితే ఏం చేస్తారు? ఇప్పుడే తొమ్మిదిన్నర."

ఇద్దరూ ఆమె వంక చూశారు.

"ఆర్.ఎస్. పురంలో దీపావళికి చీరలు తీస్తిమే, ఆ అంగట్లో ఒకాయన తనది నెల్లూరు అన్నాడు. ఆయనకు చూపిస్తే?" అంది త్రిష.

శివకామి ఇంటి చెప్పులతోనే కారెక్కింది.

అంగడి షట్టరు సగమే లేచి ఉంది. రాధాకృష్ణన్ వంగి దూరాడు. వెనకే తల్లీకూతుళ్లు. నెల్లూరాయన చీరల కట్ట కింద పెట్టి, ఉత్తరం అందుకుని కళ్లు చికిలించాడు.

"రెండో తరగతి పిల్లల రాతలా ఉందేంటండీ?"

"పెద్దాయన. చెయ్యి వణుకుతాది," అంటూ శివకామి ఇంకా కాని వియ్యంకుణ్ణి వెనకేసుకొచ్చింది.

ఆయన పైకి చదివాడు. "ఈ ఆదివారం పదకొండు గంటలకు పీలమేడు మాల్‌లో సినిమాకు కుటుంబంతో రండి. చూసి, కలిసి భోంచేసి, మాట్లాడుకుందాం. రాకపోతే ఈ సంబంధం మీకు ఇష్టం లేదనుకుంటాం."

ఆ రోజే ఆదివారం. గడియారం పదీ ఇరవై ఐదు చూపిస్తోంది. మాల్ వాళ్ల ఇంటి దగ్గరే ఉంది. వాళ్లే ఊరి ఇవతలి కొసన ఉన్నారు.

నలభై దాటించని రాధాకృష్ణన్ ఆ రోజు అరవైలో నడిపాడు. ప్రతి సిగ్నలూ ఎరుపే. వంతెన కింద నీళ్ల లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ ఏడు నిమిషాలు తినేసింది. వెనక సీట్లో త్రిష కళ్లలో నీళ్లు నిలిచాయి.

"అప్పుడే ఎవరినైనా పిలిచి చదివించి ఉంటే!" అంది శివకామి.

"ఇప్పుడు అది చెప్పి ఏమి లాభం?"

పదకొండూ పది. మాల్ వాకిట్లో శబరి నిలబడి ఉన్నాడు. విఘ్నేశ్వరన్ చేతి గడియారం చూసుకుని, వెనక్కి తిరిగి నడవబోతున్నాడు.

"సంబంధీ!" రాధాకృష్ణన్ పెట్టిన కేకకు సెక్యూరిటీ మనిషి కూడా ఆగిపోయాడు.

సినిమా ఏమిటో శివకామికి గుర్తులేదు. రెండున్నర గంటలూ ఆమె విఘ్నేశ్వరన్ ముఖమే చూసింది. హాలంతా పగలబడి నవ్వినప్పుడు కూడా ఆయన నవ్వలేదు.

హోటల్లో అరిటాకుల ముందు కూర్చున్నాకా అదే ముఖం. సాంబారు అయింది. రసం అయింది. పాయసం వచ్చాక ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పొంగలు పోయినాక, తై నెలలో కల్యాణం పెట్టుకొందాము."

శివకామి చేతిలో అప్పళం విరిగింది.

"మీరే ముందు పిలవాల అని మేమూ పట్టుగానే ఉంటిమి," అన్నాడు విఘ్నేశ్వరన్. "ఆడపిల్లోళ్లు మీరే తెలుగులో ఉత్తరం రాసి సినిమాకు రమ్మంటిరి. ఇంక మేమేమి బిగిసేది?"

రాధాకృష్ణన్ నోటిదాకా వచ్చిన మాటను అన్నంతో సహా మింగేశాడు.

ఆఫీసులో పక్కసీటు గుంటూరు అమ్మాయి దగ్గర రెండు నెలలు అక్షరాలు దిద్దుకుని, ఆ రెండు ఉత్తరాలూ తన చేత్తోనే రాసిన త్రిష, తలెత్తకుండా ఇంకో గరిటె పాయసం అడిగింది.