ఇంకొక్క మాత్ర

కోడలికి అన్నిటికంటే పెద్ద భయం, తను కూడా తండ్రిలా అయిపోతానేమోనని. మోకాలి చిప్ప పగిలినప్పటి నుంచి "ఇంకా తగ్గలేదమ్మా, ఇంకొక్కటివ్వు" అంటూ నొప్పి మాత్రల కోసం వెంటపడిన ఆయన ఇప్పుడు మత్తు మాన్పించే ఆస్పత్రిలో ఉన్నాడు. చేర్పిస్తూ సంతకం పెట్టింది తనే.

ఇవాళ విరిగిన మణికట్టుకు కట్టుతో నిలబడి, అదే మాట తనూ అంటోంది.

"తగ్గలేదత్తయ్యా. ఇంకొకటివ్వరూ."

మాత్రలు కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసిన అత్త ఆమెను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడేగా మింగావు? రక్తం ఎక్కడికి పోతుందిలే. మీ నాన్న పాట ఎత్తుకున్నావు."

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళ కూతురు చిట్టిని దగ్గరకు లాక్కుంది. రేపు ఇది కూడా ఇలాగే చెయ్యి చాపుతుందేమో! అత్తకు జాలేసింది. అసలు మాత్ర మంచిదో కాదో తేల్చేస్తానంటూ ఒకటి తనే గుటుక్కున మింగింది.

అరగంటకల్లా అత్త గోడ గడియారానికి కుర్చీ వేసింది. పొద్దుటి నుంచి వేలాడుతున్నావు, కాసేపు కూర్చోమంది. పదేళ్ళుగా మాటల్లేని ఆడపడుచుకు ఫోన్ చేసి ముద్దులు పెట్టింది. చిట్టితో కలిసి మంచం కింద దూరి, తాము దిగాల్సిన బస్టాపు ఎప్పుడొస్తుందని అడిగింది. కోడలు చేతి నొప్పి మరిచి పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే అత్త కళ్ళు మూతలు పడ్డాయి. ఎంత కుదిపినా లేవలేదు.

కోడలు లబోదిబోమంటూ ఆస్పత్రికి పట్టుకెళ్ళింది. డాక్టరమ్మ సాయంత్రం దాకా కనిపెట్టుకుని ఉండి, గండం గడిచిందంది. మాత్ర మంచిదేనట. ఒంట్లోకి వెళ్ళాకే అది మందుగా మారుతుందట. అత్త ఒంట్లో గబగబా మారిపోయింది, కోడలి ఒంట్లో అసలు మారనే లేదు. అలవాటు పడే గుణం కొంత పుట్టుకతో రావచ్చుగానీ, నొప్పి తగ్గక అడగడం వేరు, అది వేరు అంటూ ఆమె ఇంకో మందు రాసింది.

కోడలికి గాల్లో తేలినట్టయింది. చిట్టిని ఒంటిచేత్తో ఎత్తి గిర్రున తిప్పింది.

"మాత్ర ఇలా ఒంట్లో మారకపోవడం అమ్మానాన్నల నుంచే వస్తుందమ్మా," అంది డాక్టరమ్మ. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ మాత్ర పనిచెయ్యలేదా?"

చిట్టి తిరగడం ఆగింది. అంతవరకూ కిసుక్కుమంటున్న అత్త నవ్వూ ఆగింది. చెప్పులు ఎడమది కుడికాలికి తొడుక్కుని, "పదవే," అంది.

చిట్టిని వెంటబెట్టుకుని ఇద్దరూ మత్తు మాన్పించే ఆస్పత్రికి బయల్దేరారు. వాళ్ళు చేరేలోగా మీరు అటు వెళ్తే, మూడో మంచం మీది పెద్దాయనను ఒకసారి పలకరించండి. మానేశారా అని కాదు, మోకాలి నొప్పి తగ్గిందా అని అడగండి.