కండక్టర్ గారి భార్య

ఎలీసమ్మను తీసుకెళ్లి ముందు వరసలో, సరిగ్గా మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనున్న పెద్దమనుషులు లేచి మరీ నమస్కారం పెట్టారు. తన కోసం ఇంతకుముందు ఎవరైనా ఇలా లేచారా అని ఆలోచించింది. ఎవరూ గుర్తు రాలేదు.

బయట గుంటూరు ఎండ, మిర్చి ఘాటు. లోపల చల్లటి ఏసీ. వేదిక నిండా వయొలిన్లు పట్టుకున్న పిల్లలూ పెద్దలూ. వాళ్ల వెనక పెద్ద బ్యానరు. ఎలీసమ్మ కూడబలుక్కుని చదివింది. ‘కండక్టర్ జక్రయ్య గారికి స్వరనివాళి.’

చదివిన పేరునే మళ్లీ చదివింది.

పోయిన వారం అన్వర్ ఆమె కోసం చిలకలూరిపేట వచ్చాడు. గుంటూరులో వయొలిన్ నేర్పే మాస్టారు. జక్రయ్య గారిది పేట అని మాత్రమే విని వచ్చాడు. బస్టాండులో దిగి, కండక్టర్ జక్రయ్య గారి ఇల్లెక్కడని అడిగితే, అడిగిన మొదటి మనిషే దారి చూపించాడు. ‘ఆయన్ని ఎరగనివాళ్లెవరండీ’ అని కూడా అన్నాడు. అన్వర్ పొంగిపోయాడు. ఒక కళాకారుణ్ణి ఊరు ఇంతలా గుర్తుపెట్టుకోవడం అతను ఎక్కడా చూడలేదు.

“కండక్టర్ జక్రయ్య గారి ఇల్లు ఇదేనా అమ్మా?”

“ఇదే బాబూ. ఆయన లేరు, పోయారు.”

“తెలుసమ్మా. ఆయన కోసమే గుంటూరులో సభ పెడుతున్నాం. మీరు తప్పకుండా రావాలి. సంగీతం ఉంటుంది.”

“సంగీతం ఎందుకు బాబూ?”

“భలేవారే, కండక్టర్ గారికి సంగీతం కాక ఇంకేం చేస్తామమ్మా?” అని నవ్వాడు.

ఈ రోజుల్లో పుట్టినరోజుకీ పాటల బాక్సులే, చావుకీ పాటల బాక్సులే. అదీ నిజమే అనుకుంది ఎలీసమ్మ.

అసలామె సంగతి సందర్భం ఆలోచించే స్థితిలో లేదు. కరెంటు బిల్లు కొట్టే మనిషి తప్ప ఆ గడప తొక్కేవాళ్లు లేరు. పిల్లలు పుట్టలేదు. జక్రయ్య సమాధికి సున్నం వేయించి వచ్చిన రోజు నుంచి ఆ పేరు ఇంకొకరి నోట వినలేదు. మరిచిపోతానేమోనని ఒక్కోసారి తనే పైకి పిలిచి చూసుకునేది. ఎవరైనా ఒక్కసారి ఆ పేరు గౌరవంగా పలికితే వినాలని ఆమె ఆశ. అంతకంటే ఏం కోరుకోలేదు.

ఇప్పుడు ఈ సభలో ఆ పేరే మైకులో పలుకుతున్నారు. ఒకాయన జక్రయ్య గారు మద్రాసులో ఆర్కెస్ట్రా ముందు నిలబడి వాద్యగాళ్లందరినీ నడిపించిన రోజుల గురించి చెప్పాడు. ఎలీసమ్మ మద్రాసు ముఖం ఎరగదు. ఆమె కాపురం పేట దాటలేదు.

వేదిక మీది ఫొటోకి కప్పిన పట్టుగుడ్డ తొలగించారు. నిలువెత్తు మనిషి. నల్ల కోటు, చేతిలో సన్నటి పుల్ల.

ఎలీసమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది.

“గుర్తుపట్టారా అమ్మా?” వంగి అడిగాడు అన్వర్.

“ఆయన్ని కోటులో ఎప్పుడూ చూడలేదు బాబూ,” అంది మెల్లగా. “నీతో ఒక మాట చెప్పాలి.”

“మైకులో చెబుదురుగాని, ఉండండి.”

సంగీతం మొదలైంది. అలాంటిది ఆమె ఎన్నడూ వినలేదు. ఎక్కడ ఎత్తుకున్నారో, ఎక్కడికి పోతున్నారో తెలియలేదు. ముందు నిలబడ్డ అమ్మాయి చెయ్యెత్తగానే అంతమందీ ఒక్కసారి ఆగారు. అది మాత్రం బాగా అర్థమైంది. తనకు తెలియకుండానే నవ్వింది.

తర్వాత ఆమె భుజాల మీద శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. హాలంతా లేచి నిలబడింది. అందరూ జక్రయ్య పేరు చెప్పి చప్పట్లు కొట్టారు. చెప్పాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. ఆ చప్పట్లు వింటూ ఎలీసమ్మ దాన్ని మింగేసింది.

“ఆయన పనంతా నిలబడేనండి,” అంది. “ఇంటికొచ్చాక కాళ్లకి ఆముదం రాసేదాన్ని. వారంలో సగం రోజులు ఇంటి పట్టున ఉండేవారు కాదు. ఎంతమంది ఉన్నా, ఆయన చెప్తేనే కదలాలి, ఆయన చెప్తేనే ఆగాలి. అయినా ఎవరి ధ్యాస వాళ్లదండి. ఆయన మొహం వంక ఎవరు చూస్తారు? బతికుండగా ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఇవాళే విన్నాను.”

అన్వర్ కళ్లు తుడుచుకున్నాడు. ఎంత నిజం, కండక్టర్ వీపే గాని మొహం చూడం కదా అన్నాడు పక్కాయనతో. మళ్లీ చప్పట్లు. ఈసారి చాలాసేపు ఆగలేదు. ఎలీసమ్మకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు.

సభ అయ్యాక కారులో దింపుతామన్నారు.

“వద్దు బాబూ, బస్సుకే పోతాను. బస్సులో అయితే ఒక్కదాన్నే ఉన్నట్టుండదు.”

పేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పత్తి లోడు లారీల వెనక బస్సు నెమ్మదిగా పోతోంది. ఎలీసమ్మ శాలువా మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఎవరూ తీసుకోకుండా రెండు చేతులూ దాని మీద వేసుకుంది.

లేడీ కండక్టరు వచ్చి టిక్కెట్టు ఇస్తూ శాలువా వంక చూసింది.

“సన్మానమా అమ్మా?”

“నాక్కాదు తల్లీ. మా ఆయనకి.”

“అబ్బో, ఏం చేసేవారేంటి?”

ఎలీసమ్మ ఆ అమ్మాయి భుజానికి వేలాడుతున్న సంచీని, చేతిలోని టిక్కెట్టు మిషనునీ కాసేపు చూసి చెప్పింది: “నువ్వు చేసేదే తల్లీ, ముప్పయ్యేళ్లు ఇదే రూట్లో, నువ్వు నిలబడ్డ చోటే నిలబడి టిక్కెట్లు కొట్టారు.”