పన్నెండో నియమం

"ఇది పాడైంది మామయ్యా. వానల లెక్కలు చూపే చిన్న ప్రోగ్రాం రాయడానికి గంట పడుతోంది," అన్నది మేనకోడలు. ప్రోగ్రాములు రాసిపెట్టే ఆ ఏఐ సహాయకుణ్ణి కిందటి నెల ఆయన కంప్యూటర్లో ఎక్కించి వెళ్లింది తనే.

"పాడవలేదు. మెరుగుపరిచాను," అన్నాడు వాతావరణ శాఖలో పనిచేసి రిటైరైన మామయ్య.

"అడుగడుక్కీ ప్రశ్నలే. దీనికన్నా కోర్టు వకీలు నయం."

నల్లని తెరమీద మరో ప్రశ్న వచ్చింది: 'మీకు బాగా గుర్తున్న వాన ఏ ఏడాదిది?'

"ప్రోగ్రాంకి దీంతో పనేమిటి?" అంటూ ఆమె సూచనల ఫైలు తెరిచింది. మామయ్య దానికి విధించిన వాటిలో మొదటి పదకొండు నియమాలూ తర్కబద్ధంగా ఉన్నాయి. పన్నెండోది: 'సమాధానం తెలిసినా సరే, ముందు నన్నొక ప్రశ్న అడుగు.'

ఆ వాక్యం చెరిపేయబోయింది.

"అది ఉండనీవే," అన్నాడాయన కిటికీకేసి చూస్తూ. "వట్టి యంత్రమని తెలుసు. నాకు భ్రమలేం లేవు."

ఇంతసేపూ ఆమె నిలబడే ఉంది. గదిలోని రెండో కుర్చీ నిండా పాత పత్రికలు. వాటిని తీసి నేలమీద పెట్టి, కూర్చున్నది.

"ఇంతకీ ఏ ఏడాది వాన, మామయ్యా?"

ఆయన తన కుర్చీని ఆమెవైపు తిప్పుకున్నాడు.