మొగిలి మోకాలు

"నొప్పి తగ్గిందా?" అని ఎవరైనా అడిగితే చాలు, మొగిలి గుండెల్లో రాయి పడేది.

తగ్గకూడదు. మోకాలు పాడైందని మెడికల్ బోర్డు 'అన్‌ఫిట్' రాస్తేనే అతని బొగ్గుబాయి ఉద్యోగం కొడుకు విజయేందర్‌కు వస్తుంది. కొడుకు వయసు దాటిపోతోంది. తన రిటైర్మెంటు ముంచుకొస్తోంది. ఇదే ఆఖరి బోర్డు.

విజయేందర్ ఇదివరకు పనులకు పోకపోలేదు. పోయిన ప్రతిచోటా నాలుగు రోజులకే నడుం నొప్పి వచ్చేది. బాయి నౌకరి దొరికితే పిల్లగాడు కుదురుకుంటాడని తల్లి సారక్క కనబడిన దేవుడికల్లా మొక్కింది.

అయితే బోర్డు డాక్టర్లు ఊరికే నమ్మరు. వైద్యం చేయించావా, చేయించినా తగ్గలేదా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. దానికి ఉపాయం తెచ్చింది విజయేందరే. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు క్లినిక్ ఉంది. మోకాలిలో గుజ్జు అరగకుండా ఆపే గ్రోత్ ఫ్యాక్టర్ సూదులు వేస్తారక్కడ. మన రక్తమే తీసి, మిషన్లో తిప్పి, అందులోని సారాన్ని మళ్ళీ మోకాల్లోకి ఎక్కిస్తారు.

"రక్తం నిజంగనే తీస్తరు బాపు. రసీదు అసలుదే, పైసలు గుడ నిజంగనే కట్టాలె. సూదిల మాత్రం ఉత్త సెలైన్ నీళ్ళు. గంత పెద్ద మందుకే తగ్గలేదంటే బోర్డోళ్ళు ఏం మాట్లాడుతరు?"

క్లినిక్‌లో సూదులు సిద్ధం చేసే వాహెద్ కూడా మోకాలికి దూది రాస్తూ అదే చెప్పాడు.

"ఫికర్ జెయ్యకు చాచా. నీళ్ళే. జర నొస్తది, గంతే."

నొచ్చింది. మొగిలి పళ్ళు బిగబట్టాడు. కొడుకు కోసం కదా.

రెండో సూది పడిన కొన్నాళ్ళకు, ఒకరోజు పొద్దున్నే మంచం దిగి గోడ పట్టుకోకుండా బాత్రూం దాకా వెళ్ళాడు. వెళ్ళాక గానీ ఆ సంగతి తట్టలేదు.

"ఏమే, నొప్పి తెలుస్తలేదే!" అన్నాడు సారక్కతో, ఇంట్లో దొంగలు పడ్డట్టు.

సారక్క నెత్తి కొట్టుకుంది. "నీ కాలు పాడుగాను! పిల్లగాని నోట్ల మన్ను గొడుతవా ఏంది?"

ఆ రోజు నుంచి మొగిలి తన మోకాలి మీద పగబట్టాడు. డ్యూటీ నుంచి రాగానే క్వార్టర్ వెనక కంకర కుప్ప మీద మోకరిల్లేవాడు. బియ్యం బస్తా భుజాన వేసుకుని నీళ్ళ ట్యాంకు మెట్లు ఎక్కి దిగేవాడు. సారక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. వద్దని మాత్రం అనేది కాదు.

వద్దన్నది విజయేందర్ ఒక్కడే. బస్తా గుంజుకుని కింద పడేసేవాడు.

"నౌకరి రాకుంటే రాకపాయె బాపు. నువ్వు బరువులు మొయ్యకు. నాకు నీకంటే ఏది ఎక్కువ గాదు."

పక్కింటి ఐలవ్వ మెటికలు విరిచింది. "కొడుకంటే గిట్లుండాలె."

మొగిలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇలాంటి కొడుక్కి ఒక కాలేమిటి, రెండు కాళ్ళూ ఇచ్చెయ్యొచ్చు అనుకున్నాడు. వాడు అటు పోగానే మళ్ళీ కంకర మీద మోకరిల్లాడు.

కరీంనగర్ ప్రయాణం మాత్రం ఒక్కసారీ తప్పలేదు. బస్సులో కాలు చాపుకునే సీటు చూసి మరీ కూర్చోబెట్టేవాడు విజయేందర్. ఫైలు బలంగా ఉండాలట.

బోర్డు రోజు రానే వచ్చింది. మొగిలి కుంటుకుంటూ లోపలికి వెళ్ళాడు. డాక్టరు పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే పక్కపక్కన పెట్టి చూశాడు. మోకాలు వంచాడు, చాపాడు, నొక్కాడు.

"అదృష్టవంతుడివయ్యా. పోయినేడు గుజ్జు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. అరగడం ఆగిపోయింది. పైన తోలు కొట్టుకుపోయింది, దానికి ఆయింట్‌మెంట్ రాసుకో. ఫిట్."

"సార్, నడువరాదు సార్! జర మంచిగ జూడుండ్రి!"

మొగిలి కిందపడి డాక్టరు కాళ్ళు పట్టుకున్నాడు. పడటానికి మోకాళ్ళు చక్కగా వంగాయి.

బయట బెంచీ మీద విజయేందర్ కూర్చుని ఉన్నాడు. ముసలాడు కొడుకు ముందు రెండు చేతులూ జోడించాడు.

"నన్ను మాఫ్ జెయ్యి బిడ్డా. నిన్ను ఆగం జేసిన. గీ పాడు కాలు నా మాట ఇనలే."

"ఏడ్వకు బాపు. అయ్యేదుంటే ఎట్లయిన అయితుండె." కొడుకు తండ్రి కళ్ళు తుడిచాడు. చాయ్ తెస్తానని లేచి, గేటు దాటి, గోడ చాటుకు పోయి ఫోన్ చేశాడు.

"వాహెద్ భాయ్, నీళ్ళని జెప్పి నువ్వేసిన అసలు మందు మస్తు పనిజేసింది, నాకు గా బాయిల దిగుడు తప్పింది, ఇగ అసలు మందే అని జెప్పి తోల్కొస్త, ముసలోడు రిటైరయ్యేదాంక గవే సూదులు ఏసుకుంట పో!"