కుళాయి దగ్గర క్యూ

"కుళాయి దగ్గర క్యూ ఎందుకంత పొడుగు? ఈ నెల మా మూడో తరగతి సాంఘిక శాస్త్రానికి ఇదే సమస్య సార్. జవాబు పిల్లలే ఆలోచించి కనుక్కోవాలి," అంది టీచరు.

"భేష్!" అన్నాడు తనిఖీకొచ్చిన అధికారి, గ్లాసులో చల్లటి నీళ్లు ఒక గుక్క తాగి.

హెడ్మాస్టరు చేతులు కట్టుకుని నవ్వాడు. జవాబు ఆయన నిన్ననే అందరిచేతా కంఠతా పట్టించాడు. సొంతంగా ఆలోచించడమంటే మాటలా మరి? ముందురోజు రిహార్సల్ ఉండొద్దూ!

"నువ్వు చెప్పమ్మా," అన్నాడాయన రెండు జడల పిల్లతో.

"క్రమశిక్షణ లేకపోవడం వల్ల సార్," అంది ఆ పిల్ల గడగడా. "ఇది మీరు చెప్పమన్న జవాబు. మేం కనుక్కున్నది కూడా చెప్పనా?"

"టైం లేదు, కూర్చో."

"చెప్పనివ్వండి," అన్నాడు అధికారి.

"బడిలో కుళాయిలు రెండున్నాయి సార్. నూట ఎనభై మందిమి ఒకదాని దగ్గరే నిలబడతాం. ఆఫీసు వెనకదానికి గేటు పెట్టి తాళం వేశారు. మేం మూడు రోజులు కాపలా కాసి చూశాం. అక్కడ హెడ్మాస్టరు గారికి మాత్రమే నీళ్లు పడతారు. మీ గ్లాసులోవి కూడా అక్కడివే సార్."

అధికారి రెండో గుక్క తాగబోయి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఆ తాళంచెవి ఏదండీ?"

"ఎక్కడ పెట్టానో ఏమో... వెతికించాలి సార్," అని నసిగాడు హెడ్మాస్టరు.

ముప్ఫై వేళ్లు ఒక్కసారిగా ఆయన చొక్కా జేబు వైపు లేచాయి.

ఈసారి ఎవరూ కంఠతా పట్టించలేదు.