బిల్లు రాని రాష్ట్రం

"తొమ్మిది వందలా! దేనికయ్యా?"

రాజమల్లయ్య అరుపుకు షాపులో వరుసగా పెట్టిన టీవీలు కూడా ఒక్క క్షణం నోరు మూసుకున్నట్టయింది.

"లేటు ఫీజు సార్. నెలకు మూడు వందలు, మూడు నెలలకు తొమ్మిది వందలు. కూలర్ కిస్తీలు వేరే," అన్నాడు మేనేజర్ ప్రభాకర్, గొంతులో ఇంత తేనె కలుపుకొని.

రాజమల్లయ్య సిద్దిపేటలో బడిపంతులు. మెడలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కండువా. బయట ఆయన స్కూటర్ నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపేసి ఎర్ర రంగుతో రాసిన టీజీ. షాపు వాళ్లే ఇచ్చిన క్రెడిట్ కార్డు మీద ఎండాకాలంలో కూలర్ కొన్నాడు. ఇప్పుడు వానలు పడుతున్నాయి. ఒక్క కిస్తీ కూడా కట్టలేదు.

"బిల్లు పంపకుంట ఫీజు ఎట్ల ఏస్తరు?"

"పంపుదామంటే అడ్రసు దొరకలేదు సార్."

"నా ఇల్లేమన్న అడివిల ఉన్నదా?"

ప్రభాకర్ సొరుగులోంచి పాత దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాడు. 'రాష్ట్రం' అన్న చోట అచ్చులో ఉన్న ఆంధ్రప్రదేశ్‌ను అడ్డంగా కొట్టేసి, పక్కన గుండ్రటి పంతులు రాతతో 'తెలంగాణ' అని రాసి ఉంది. కింద రెండు గీతలు కూడా.

"హెడ్డాఫీసు చెన్నైల ఉన్నది సార్. గాళ్ల కంప్యూటర్ల గీ రాష్ట్రం లేదు. అందుకే బిల్లు బయటికి రాలేదు."

"మరి ఫీజు ఎట్ల వచ్చింది?"

"ఫీజుకు రాష్ట్రంతోని పనిలేదు సార్. గది దానంతటదే పడుతది."

ఫ్యాన్ కొనడానికి వచ్చి పక్కన కూర్చున్న జానీ పాషా పకపకా నవ్వాడు. "వాహ్! మస్తు హుషారున్నది మీ కంప్యూటర్."

ప్రభాకర్‌కు కాస్త రోషం వచ్చింది. "సరే సార్, బిల్లు రాలేదు. కూలర్ గాలి వచ్చింది గదా? గాలి తాకినప్పుడన్న కిస్తీ యాదికి రాలేదా?"

"బాధ్యత గలోణ్ని నేను. బిల్లు చూడకుంట పైసలు కట్టుడు పద్ధతి కాదు."

"గట్లనా?" అంది వెనకనుంచి ఆయన భార్య బాలమణి. "'ఆళ్లు మరిచిపోయినట్టున్నరు, ఊకోయే' అని నన్ను కసిరింది ఎవలయ్యా?"

"నువ్వూకో."

"ఊకుంటేనే గింత దూరం వచ్చింది."

ప్రభాకర్ కొత్త కాగితం ఒకటి ముందుకు జరిపాడు. "ఒక్క దారి ఉన్నది సార్. గీ ఫారంల రాష్ట్రం మార్చి రాసి సంతకం పెట్టుర్రి. మొదలు రాసింది తప్పని పంపుత. తొమ్మిది వందలు మాఫ్."

రాజమల్లయ్య గుమ్మం వైపు చూశాడు. అరుపులు విని పదిమంది దాకా చేరారు. అందరూ ఎదుటి దీక్షా శిబిరం వాళ్లే. ప్రాణమైనా ఇస్తాం కానీ ఒక్క అక్షరం కూడా వదులుకోమని పొద్దున ఆయన ప్రసంగిస్తే చేతులు వాచేలా చప్పట్లు కొట్టినవాళ్లే.

"రాయయ్యా," అంది బాలమణి చెవిలో. "గా పైసలకు నెల బియ్యం వస్తయి. రాస్తే నీ చెయ్యేమన్న అరుగుతదా?"

రాజమల్లయ్య పెన్ను అందుకున్నాడు. ఒకసారి దగ్గాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ దగ్గాడు. పెన్ను కాగితానికి తగిలింది. 'ఆ' అనే అక్షరం సగం పడింది.

"సారు ఏం రాస్తుండు?" అని గుమ్మంలోంచి ఎవరో అడిగారు.

అంతే. రాజమల్లయ్య ఫారాన్ని పరపరా చింపేశాడు.

"మెడ కోసినా రాయ! నేను పుట్టింది తెలంగాణల! నా కూలర్ తిరిగేది తెలంగాణల! తొమ్మిది వందలేంది, తొమ్మిది వేలైనా కడ్త!"

షాపు దద్దరిల్లింది. జై తెలంగాణ నినాదాలకు గాజు అలమారలు కదిలాయి. జానీ పాషా వచ్చి ఆయన్ను కౌగిలించుకొని అలాయ్ బలాయ్ ఇచ్చాడు. ఎవరో తమ మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశారు. బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపో నవ్వో ఎవరూ చూడలేదు. చివరికి ప్రభాకర్ కూడా లేచి నిలబడ్డాడు. ఎంత మేనేజరైనా అతనిదీ పక్కనున్న నంగునూరే.

నినాదాలు చేసుకుంటూ జనం శిబిరానికి తిరిగి వెళ్లారు.

"మీ అసొంటోళ్లు ఉండాలె సార్," అన్నాడు ప్రభాకర్, రసీదు పుస్తకం తీస్తూ. "నగదేనా?"

రాజమల్లయ్య గుమ్మం వైపు మరోసారి చూసి, బల్ల మీదికి వంగి, జేబులోంచి కూలర్ కొన్న అదే క్రెడిట్ కార్డు తీసి అతని చేతిలో పెట్టాడు.

"దీని మీదనే గీకు. బిల్లు ఎట్లాగు రాదు గద!"