ఎల్లారెడ్డి బస్సు వచ్చేలోగా

“నువ్వు లేకున్నా కోడిని కాల్చుకొని తింట” అన్నాను. ఆ మాటకే నా భార్య నవత ఎల్లారెడ్డిలో తల్లిగారింటికి పోయింది.

పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి కోడిని ఓవెన్‌లో పెట్టాను. గంట మోగింది. తీస్తే పచ్చిగానే ఉంది. టైమర్ తిప్పి, గోడ స్విచ్చు వేయడం మరిచాను. అంతటి వంటవాణ్ణి.

సాయంత్రం నవత ఫోన్ చేసింది. “ఏమాయె, కాలిందా?”

“లేదు. పచ్చిగనే ఉంది.”

“స్విచ్చు ఏసినవా?”

“ఏ స్విచ్చు?”

పకపకా నవ్వింది. “నీతోని కాదు గని, ఏం ముట్టకు. బస్సెక్కుతున్న.”

ఫోన్ పెట్టేసి పళ్లెం వైపు చూశాను. మధ్యాహ్నమే స్విచ్చు వేసి రెండోసారి పెట్టిన కోడి ఎర్రగా, కమ్మగా కాలింది. సగం తిన్నాను కూడా.

బస్సు మా కామారెడ్డి చేరేలోగా మిగతాది దాచేసి, ఇంకో పచ్చి కోడి తెచ్చి మసాలా పట్టించాలి.